నాన్నకు కనబడని ఎరుపు

పెన్సిల్ చెక్కినప్పుడల్లా నాకు విరిగిన బాణం వాసన వస్తుంది. నలభై ఏడేళ్ల వయసులో, లైబ్రరీలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే గదిలో మొదటిసారి పెన్సిల్ మొన తీసినప్పుడు, ఆ దేవదారు పొట్టు వాసన ముక్కుకు తగలగానే నా ఎడమచెయ్యి దానంతటదే బల్ల కిందకు వెళ్లి దాక్కుంది. పక్కనున్నావిడ ఏమైందని అడిగితే చెయ్యి తిమ్మిరెక్కిందని చెప్పాను.

నాన్న బాణాలు దేవదారు కర్రవి. ఎనభైల మొదట్లో అమెరికాలో మేముండే ఆష్‌బర్న్ అంటే మొక్కజొన్న చేలు, పాల డెయిరీలు, వాటి మధ్య మధ్య ఓక్ చెట్ల అడవులు. గుంటూరు పక్క నుంచి వచ్చిన నాన్న కౌంటీ రోడ్ల ఆఫీసులో ఇంజినీరుగా పనిచేసేవాడు. ఆఫీసులో అందరూ వేటకు వెళ్లేవాళ్లే కాబట్టి తనూ వెళ్లాలనుకున్నాడు. ఇంట్లోకి తుపాకీ వస్తే తను బయటికి పోతానని అమ్మ పట్టుబట్టింది. అప్పుడు మా పక్క పొలం వాల్టర్ అంకుల్, గడ్డి పండించి అమ్ముకునే ముసలాయన, తన పాత విల్లు నాన్నకిచ్చి, తన అడవిలో వేటాడుకోమన్నాడు.

అక్టోబరు వస్తే మా ఇల్లు మారిపోయేది. తడిసిన ఆకుల వాసన, గరాజ్‌లో వింటినారికి పూసే మైనం వాసన, పెరట్లో మంచు పడేలోపు అమ్మ కోసేసిన గోంగూర కట్టల పులుపు వాసన అన్నీ కలిసిపోయేవి. జింక దొరికిన ఏడు అమ్మ సగం మాంసాన్ని అల్లంవెల్లుల్లి దట్టించి గోంగూరతో వండేది, మిగతా సగాన్ని పొడుగ్గా కోసి ఉప్పూ పసుపూ రాసి బేస్‌మెంట్‌లో ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కన దండేలకు వేలాడదీసేది. చలికాలమంతా ఆ ఎండు ముక్కలు కాల్చుకుని చారన్నంలో నంజుకునేవాళ్లం. దొరకని ఏళ్లే ఎక్కువ. నాన్న వేసిన బాణాల్లో సగం కొమ్మలకు తగిలో, జింక ఎముకకు తగిలో విరిగేవి. ముందు ముక్క ఒంట్లో ఉంచుకునే జింక పరుగెత్తిపోయేది, వెనక ముక్క మాకు దొరికేది. ఆ ముక్కల ఈకలు పీకి నేను జడలో పెట్టుకునేదాన్ని. కర్రలు కాఫీ డబ్బాలో చేరి హోంవర్కు బల్ల మీదికి వచ్చేవి. నాకు అక్షరం నిలిచేది కాదు. తెలుగైనా, ఇంగ్లీషైనా చూస్తుండగానే కాగితం మీద కదిలిపోయేది. ఒక్కో తప్పుకు వేళ్ల కణుపుల మీద నాన్న ఒక్కో దెబ్బ వేసేవాడు. కర్ర విరిగితే డబ్బాలోంచి ఇంకోటి తీసేవాడు.

నాన్నకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలిసేది కాదు. సిగ్నల్ దగ్గర పై దీపమా, కింది దీపమా అని చూసుకుని కారు నడిపేవాడు. ఈ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, చెప్పకూడదు. రాలిన ఆకుల మీద నెత్తురు ఆయనకు బురదలాగే కనబడేది. అందుకని ఏడేళ్లప్పటినుంచి నన్ను వెంట తీసుకెళ్లేవాడు. బాణం వేశాక అరగంట ఆగి, కారులో కూర్చున్న నన్ను పిలిచేవాడు. నేను ముందు నడుస్తూ చుక్క కనబడ్డచోటల్లా టాయిలెట్ పేపర్ ముక్క వేసేదాన్ని. మేపుల్ ఆకులకు వాటి ఎర్రమచ్చలు వాటికుంటాయి. బొటనవేలితో రాస్తే మచ్చ కదలదు, నెత్తురు చెదురుతుంది. నురగ కడితే ఊపిరితిత్తులు, నల్లగా ఉంటే కాలేయం. అవన్నీ ఒక్కసారి చెబితే వచ్చేశాయి నాకు.

నా పదో ఏట నాన్న మా తెలుగు క్రైస్తవ సంఘంలో అందరి ముందూ ఒక మాటిచ్చాడు. నెలకోసారి అద్దె హాల్లో కలిసే పాతిక కుటుంబాలు మావి. ఊళ్లో లాగే కోతల పండుగ చేసి, ఎవరు పండించింది వాళ్లు తెచ్చి వేలం వేసేవాళ్లు. ఈసారి జింక తొడ తెస్తానని నాన్న అన్నాడు. అంతకుముందు ఏడూ అదే చెప్పి స్టోర్‌లో కొన్న కోడి పట్టుకెళ్లాడు. ప్రకాశం అంకుల్ హాలంతా వినబడేలా, "ఏవండీ వేటగాడుగారూ, ఈసారి జింకేనా, కోడికే కొమ్ములు కట్టి తెస్తారా?" అన్నాడు. నాన్న నవ్వేసి, ఇంటికి రాగానే గరాజ్‌లో వింటినారికి మైనం పూస్తూ కూర్చున్నాడు.

పండుగ ముందు శుక్రవారం సాయంత్రం నేను ఒకే వాక్యం దగ్గర పదకొండుసార్లు ఆగాను. పదకొండూ పడ్డాయి. చివరికి కర్ర అవతల పారేసి, "ఆకు మీద నెత్తురు కనబడుద్ది గానీ కాయితం మీద అచ్చరం కనబడదంటే! నువ్వు అడివిలో పుట్టాల్సిందే, జంతువా" అన్నాడు. అమ్మ వంటగదిలోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు శనివారం. మా రాష్ట్రంలో ఆదివారం వేట నిషేధం, అంటే పండుగలోపు నాన్నకు అదే ఆఖరి రోజు. ఎనిమిదింటికి ఆడజింకను కొట్టాడు. బాణం విరిగిన చప్పుడు కారు దాకా వినిపించింది. ఈకలున్న ముక్క నేల మీద దొరికింది. వాగు వరకూ చుక్కలు బాగానే ఉన్నాయి. వాగు దాటాక జాడ ఎడమకు తిరిగి పడిపోయిన మాను మీదుగా పొదల్లోకి పోయింది. మాను మీద అరచేయంత మరక. దాని వెనక జింక పడుకుని ఉంది. తొడ మొదట్లో విరిగిన కర్ర, ఊపిరికల్లా పైకీ కిందికీ కదులుతోంది. తల ఎత్తి నన్నే చూస్తోంది. నాన్న నాకు పదడుగుల వెనక ఉన్నాడు. ఎండుటాకుల రంగులో ఉన్న జింకా, ఆకుల్లో నెత్తురూ ఆయనకు కనబడలేదు.

నేను కుడివైపు తిరిగి, "ఇంక లేదు నాన్నా" అన్నాను.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని అరచేతులతో ఆకులు తడిమాడు. తడి తగిలితే వాసన చూసుకుని, నీళ్లని తెలిసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే వెతికాడు. ఒకసారి తలెత్తి, "సరిగ్గా చూడమ్మా. నీకు కనబడుద్ది" అన్నాడు. నన్ను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. వాచిన వేళ్లు జేబులో పెట్టుకుని, లేదనే చెప్పాను. నాకు సంతోషంగా ఉంది. ఆయన మోకాళ్ల మీద ఉండటం చూడ్డానికి చాలా బాగుంది.

ఆదివారం కోడే పట్టుకెళ్లాం. అందరూ కడుపుబ్బ నవ్వారు. దెబ్బ తగిలిన జింక ఎక్కడికి పోతుంది, సరిగ్గా వెతకలేదేమోనని ప్రకాశం అంకుల్ అంటే నాన్న నా భుజం మీద చెయ్యేసి, "మా అమ్మాయి లేదంటే లేదండీ. దాని కన్ను తప్పదు" అన్నాడు.

మంగళవారం పొద్దున వాల్టర్ అంకుల్ మా గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ల కుక్క జింకను పట్టిచ్చిందట. జింక పొదల్లోంచి వాగు దాకా పాక్కుంటూ వచ్చి నీళ్లకు చేరకుండానే చచ్చిపోయిందట. తను వెళ్లేసరికి ఒళ్లింకా వెచ్చగానే ఉందట. మాను మీద అంత నెత్తురుంది, చిన్నపిల్లయినా చూసి చెప్పేది కదా అన్నాడు. నాన్న తల తిప్పి నన్ను చూశాడు. తర్వాత ఆయనవైపు తిరిగి, తొందరలో తానే సరిగ్గా వెతకలేదని, తప్పు తనదేనని చెప్పాడు. వాల్టర్ అంకుల్ విల్లు తీసుకుని, ఇంక తన అడవికి రావద్దని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు దెబ్బలు పడతాయని చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాను. నాన్న రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత నన్ను ఏదీ చదవమనలేదు, ఏదీ చూసి చెప్పమనలేదు. సాక్స్ రంగు కూడా అమ్మనే అడిగేవాడు. ఒకే ఇంట్లో ఎనిమిదేళ్లు అలా గడిచాయి. చదవడం రాకుండానే నేను స్కూలు దాటేశాను.

ఇప్పుడు ఆ అడవి ఉన్నచోట కిటికీలు లేని డేటా సెంటర్లు వరసగా ఉన్నాయి. వాగును సిమెంటు గొట్టంలో పోనిచ్చారు. మా సంఘం పెద్దదై సొంత భవనం కట్టుకుంది, వేలం పాటలు ఎప్పుడో మానేశారు. వాల్టర్ అంకుల్ పోయాడు, అమ్మ పోయింది, నాన్న పోయి పదకొండేళ్లయింది. నాకు చదవడం రావడం ఆయన చూడలేదు. అంతకంటే ఎక్కువ నన్ను కోసేది ఇంకోటుంది. ఆ శనివారం నేను వేలు చూపించి ఉంటే ఆ జింక పది నిమిషాల్లో చచ్చిపోయేది. నాన్న మీద కోపంతో దాన్ని మూడు రోజులు బతికించాను.