వార్తకొక పిడికెడు

వికారాబాద్ బస్టాండులో, టీ కొట్టు పక్కన అప్పుడే కట్ట విప్పిన పేపర్ల వాసన ఈమధ్య ఒక పొద్దున ముక్కుకు తగిలి, నన్ను పెద్దేముల్ దగ్గరి మా ఊళ్లోకి లాక్కుపోయింది. ఆ ఊరికి పేపరు వచ్చేది మా ఒక్క ఇంటికే. తాండూరు నుంచి వచ్చే మొదటి బస్సు డ్రైవరు హారన్ కొట్టి మా గేటు ముందు విసిరేవాడు. నాపరాతి గని యజమాని, చర్చికి నేల బండలన్నీ ఇచ్చినవాడు మా తాత. పుంటికూరతో జొన్నరొట్టె తిని, చల్లటి అరుగు మీద కుర్చీ వేసుకుని, ఎవడు దొంగో, ఎవడు చేతగానివాడో గట్టిగా తేలుస్తూ చదివేవాడు. తిట్లు పూర్తయ్యాకే పేపరు మా గడప దాటేది.

దాటి, చర్చి ఊడ్చే రత్నమ్మ ఇంటికి పోయేది. ఆమెకు చదువు రాదు. నా ఈడుదైన ఆమె కూతురు సుగుణ పొయ్యి పక్కన కూర్చుని చదువుతుంటే, రత్నమ్మ వండబోయే బియ్యంలోంచి, ఏడుపు వినిపించిన ప్రతి వార్తకూ ఒక పిడికెడు తీసి విడిగా పెట్టిన కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి, అక్కణ్నుంచి పొయ్యి వెలగని ఇళ్లకు చేరేవి. మా ఇంటి నుంచి పంట పంటకూ బస్తా పోయేది. అయినా పాస్టరు ప్రార్థన చేయమని పిలిచేది రత్నమ్మనే. గంజి పెట్టిన గౌనులో ముందు బెంచీ మీద నిటారుగా కూర్చుని వినేదాన్ని. ప్రార్థనలో ఆమె వార్తల్లోని ఊళ్ల పేర్లు తప్పు పలికినా ఎవరూ నవ్వేవారు కాదు. పేపరు మాది, గౌరవం ఆమెది. నాకు కడుపు మండేది.

ఒక వానాకాలం మా గని గోడ కూలి బాలయ్య అనే కూలీ చనిపోయాడు. మూడో రోజు పేపర్లో తాత పేరు వచ్చింది, తప్పు ఆయనదేనని. తాత ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు. మడిచి నా చేతికిచ్చి "పొయ్యిల వెయ్ బిడ్డా" అన్నాడు. వేశాను. సాయంత్రం సుగుణ వచ్చింది.

"ఇయ్యాల పేపర్ రాలే" అన్నాను.

"బాలయ్య సంగతి మాకు ఎర్కనే. అమ్మ రెండు పిడికిళ్లు తీసింది. ఒకటి బాలయ్య ఇంటికి, ఒకటి మీ తాతకు."

"మాకెందుకే? మేమేమన్న అడుక్క తింటున్నమా?"

"గట్ల గాదు దొరసానీ. మీ తాత ఏడుస్తలేడా?"

తలుపు వేసేశాను. వెనక్కి తిరిగితే తాత నిలబడి ఉన్నాడు, అంతా విని. ఆయన గడ్డం వణుకుతోంది. మూడు రోజులుగా ఆ మాట మా ఇంట్లో ఎవరమూ అడగలేదు.

ఆదివారం ఆయన చర్చికి రాలేదు. చచ్చినవాడి ఇంటినీ, మా ఇంటినీ రత్నమ్మ ఒకే గుక్కలో ప్రభువు ముందు పెట్టింది. బాలయ్య భార్య లేచి వెళ్లిపోతుందనుకున్నాను. చాలాసేపటికి, అందరికంటే వెనగ్గా, ఆమె కూడా ఆమెన్ అంది.

గని పోయింది, పొలం పోయింది. చర్చిలో మా బండల మీద టైల్స్ పరిచారు. ఇప్పుడక్కడ పేర్లు ఎవరూ చెప్పరు, లోకశాంతి అని ఒక్క మాటతో ముగిస్తారు. పేపరు బదులు నా చేతిలో రోజంతా ఫోను, నోట్లో తాత తిట్లు.

బస్టాండులో దిగిన ఆ పొద్దున నేను పోతున్నది సుగుణ ఇంటికే. నర్సుగా చేసి రిటైరై వికారాబాద్‌లోనే ఉంటోంది. ఆమె టీ పోస్తుంటే ఫోనులో వార్త చదివి వినిపించాను: లారీ ఆటోను గుద్దింది, కూలికి పోతున్న ఆడవాళ్లు చనిపోయారు, డ్రైవరు పరారీ. కింద జనం రాసిన తిట్లూ చదివాను. "వాణ్ని ఉరి తియ్యాలె" అని నాదొకటి కలిపాను.

సుగుణ చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే మళ్లీ చెప్పించుకుంది. తర్వాత అడిగింది, "ఆ డ్రైవర్ పోరనికి తల్లి ఉన్నదా?"

మొదటి నుంచి చివరిదాకా వెతికాను. "రాయలే" అన్నాను.

"ఉండే ఉంటది" అని కళ్లు మూసుకుంది.

నేను మూసుకోలేదు. ఆమె పెదవులు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను, ఇన్నేళ్లు బైబిలు చదివిన నాకు ఆ ఒక్క ప్రశ్న ఎందుకు తట్టలేదా అని, చిన్నప్పటికంటే ఎక్కువ కుళ్లుతో.