వెంకటస్వామిగారు విప్పిన ప్రెస్

వెంకటస్వామిగారు దేన్నైనా విప్పగలరు. తిరిగి బిగించడం మాత్రం ఆయన వల్ల కాదు. అమెరికాలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళన్నింటికీ ఈ సంగతి తెలుసు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళికి వెళ్ళినా చొక్కా జేబులో స్క్రూడ్రైవరు ఉండాల్సిందే. ఆయన కారు వాకిట్లో ఆగిందంటే ఆడవాళ్ళు మిక్సీ తీసి అలమరలో దాచేసేవారు.

ఉగాదికి ముందురోజు సొంత భార్య శ్రీవిద్యగారి గ్రైండరునే విప్పారు, నానబోసిన పప్పు అందులో సగం నలిగి ఉండగా.

"ఏమండీ, రేపు ఇంటినిండా చుట్టాలు!"

"రానీయవే. ముందు ఈ బేరింగు ఎవడు పెట్టాడో చెప్పు, వాణ్ణి తన్నాలి."

పండగపూట చుట్టాలు గారెలకు బదులు పిజ్జా తిని వెళ్ళారు.

ఇంకోసారి పక్కింటివాళ్ళ గరాజ్ తలుపు మోటారు మీద పడ్డారు. ఆ తలుపు పైకీ వెళ్ళక, కిందికీ దిగక సగంలో వేలాడింది. రాత్రి కురిసిన మంచు దర్జాగా లోపలికొచ్చి వాళ్ళ కారు పక్కనే కూర్చుంది.

అదే వీధి చివర సుధ ఇల్లు. ఆమె భర్త శ్రీధర్ కిందటి అక్టోబరులో గుండెపోటుతో పోయాడు. అతనికి షూటింగ్ రేంజిలో తుపాకీతో గురిచూసి కాల్చడమంటే సరదా. కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, గరాజ్‌లో పిడి ఉన్న ప్రెస్ అనే మిషను మీద మళ్ళీ తనే మందు నింపుకునేవాడు. అతను పిడి లాగుతుంటే పక్కన స్టూలు మీద సుధ కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, పగుళ్ళున్న తొడుగులు ఏరి పక్కన పడేసేది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల కబుర్లన్నీ అక్కడే.

మరిది శశికాంత్ చికాగో దగ్గరి షామ్‌బర్గ్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చాడు. అన్న చలికోట్లు ఎవరికో ఇచ్చేశాడు, బూట్లు ఇచ్చేశాడు. అన్నిటికీ సుధ "సరే" అంది.

"వదినా, ఈ ప్రెస్ లాస్ట్ ఐటమ్. సండే ఒకాయన వచ్చి పికప్ చేసుకుంటాడు. ఒంటరిగా ఉండేదానివి, నీకెందుకు చెప్పు ఈ తూటాల మిషను?"

ఈసారి సుధ "సరే" అనలేదు. "వద్దు" అనీ అనలేదు.

కొనేవాడికి పంపడానికి వీడియో తీస్తూ శశికాంత్ పిడిని ఒక్క గుంజు గుంజాడు. టక్కుమంది. పిడిని లోపలి కడ్డీతో కలిపే ఇనుప లింకు రెండు ముక్కలైంది.

"అయ్యో! ఇక్కడ రిపేర్ చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా వదినా?"

సుధ ఆ ముక్కలు ఏరి బల్ల మీద పెట్టింది.

"వెంకటస్వామిగారని ఉన్నారు. పెద్ద ఇంజనీరు."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె వెళ్ళి టీ పెట్టింది.

శుక్రవారం ఆయన వచ్చారు. శనివారానికి ప్రెస్ అంతా దుప్పటి మీద పరిచి ఉంది. స్క్రూలన్నీ సుధ ఇడ్లీ రేకుల గుంటల్లో చేరాయి.

"అంకుల్, లింక్ ఒక్కటే కదా విరిగింది?"

"ఎందుకు విరిగింది?"

"నేను గట్టిగా లాగాను."

"నువ్వెందుకు లాగావు?"

శశికాంత్ మాట మార్చాడు.

"కంపెనీకి కాల్ చేస్తే ఫ్రీగా పార్ట్ పంపిస్తారట అంకుల్."

"వాళ్ళు ఊరికే ఇస్తే నేను తీసుకోవాలా? నా దగ్గర ఇనుముంది, ఆకురాయి ఉంది. నువ్వు లోపలికెళ్ళి టీవీ చూడు."

ఆదివారం కొనేవాడు టోపీ పెట్టుకుని వచ్చాడు. దుప్పటినీ, ఇడ్లీ రేకులనూ, వాటి మధ్య బాసింపట్టు వేసుక్కూర్చున్న పెద్దమనిషినీ చూశాడు. "గుడ్ లక్" అని వచ్చిన దారినే పోయాడు.

శశికాంత్‌కు ఒళ్ళు మండింది. "చాలు అంకుల్! స్క్రాప్‌లో పడేస్తా. వదినా, ఒక అట్టపెట్టె ఇవ్వు." వంగి ముక్కలు దుప్పట్లో మూటకట్టబోయాడు.

సుధ దుప్పటి అంచు మీద కాలు వేసి నిలబడింది.

"ముట్టుకోకు."

"వదినా?"

"అమ్మను. పడెయ్యను. ఇది నాది శశీ. ఇకమీదట నేనే నింపుతాను, నేనే కాలుస్తాను."

"నీకు కాల్చడం వచ్చా?"

"నేర్చుకుంటా. రేంజికి నన్ను రావద్దన్నవాళ్ళెవరూ లేరు. నువ్వు తప్ప."

"హమ్మయ్య!" అంటూ వెంకటస్వామిగారు లేచి జేబులోంచి కొత్త లింకు తీశారు. నున్నగా అరగదీసి, నూనె రాసి ఉంది. ఆయన వేళ్ళు ఇడ్లీ రేకుల మీద పరుగెత్తాయి. శశికాంత్ తేరుకునేలోగా ప్రెస్ బల్ల మీద నిటారుగా నిలబడింది.

సుధ నోరు తెరిచింది. "అన్నయ్యగారూ, మీకు బిగించడం వచ్చా!"

"లింకు నిన్న సాయంత్రానికే అయిపోయిందమ్మా. నువ్వు అమ్మొద్దనకుండా ఎలా బిగించను? బిగిస్తే ఆ టోపీవాడు పట్టుకుపోడూ?"

సుధ పిడి పట్టుకుని లాగింది. వెన్నలో దిగినట్టు దిగింది.

"నెక్స్ట్ మంత్ మళ్ళీ వస్తా వదినా, అప్పుడు కూల్‌గా మాట్లాడదాం," అన్నాడు శశికాంత్ మొహం ముడుచుకుని.

వెంకటస్వామిగారు చేతులు తుడుచుకుంటూ ఆప్యాయంగా చూశారు.

"తప్పకుండా రా నాయనా. నీ కారు స్టార్టు చేసేటప్పుడు కాస్త దగ్గుతోంది. వచ్చినప్పుడు విప్పి చూద్దాం."

అప్పటినుంచి శశికాంత్ వదినను ఫోన్లోనే పలకరిస్తున్నాడు.