తోకచుక్క దారి లెక్క

మా వైపు ఆకాశాన్ని పూర్తిగా చూసినవాళ్లు తక్కువ. ఎటు తలెత్తినా కొబ్బరి మట్టలే అడ్డం. డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేదాకా సూర్యుడు నిజంగా ఏ చోట దిగుతాడో నాకు తెలియదంటే నమ్మండి. తొంభై ఆరు తుఫాను ఆ అడ్డు తీసేసింది. కొత్తపేట దగ్గర మా తోట ఒక్క రాత్రిలో నేలకొరిగింది. మర్నాడు డాబా ఎక్కితే చుట్టూ ఆకాశమే. అందంగా ఉందనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

నాన్నగారు ఆ రోజు తోటలోకి వెళ్లొచ్చి, కాళ్లు కడుక్కుని, వసారాలో పడక కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ అటు వెళ్లలేదు. పడిన చెట్లు కోసి పట్టుకెళ్తామని ఎవరో వస్తే "మీ ఇష్టం" అన్నారు. కొత్త మొక్కలు వేద్దామన్నా అదే మాట. పొద్దున్నే చెట్ల మధ్య ఓ చుట్టు తిరిగితే గానీ కాఫీ ముట్టని మనిషి అలా కూలబడిపోతే నాకు భయం వేసేది. అమ్మ పైకి విసుక్కునేది గానీ లోపల నాకంటే ఎక్కువ భయపడేది. ఈయన మళ్లీ లేస్తారా లేదా అన్నదొక్కటే ఆ రోజుల్లో మా ఇద్దరి దిగులు.

ఎండలు ముదిరే వేళకి తోకచుక్క వచ్చింది. పొద్దు గూకి, పడమట ఎరుపు చల్లారుతుండగా, వాయవ్యాన తెల్లగా తేలేది. తోక పైకి విరబోసుకుని, ఎక్కడికీ వెళ్లే తొందర లేనట్టు ఉండేది. ఊరంతా వీధుల్లోకి వచ్చి చూసింది. తుఫానుకి కారణం ఇదేనని కొందరు తేల్చేశారు, తుఫాను ముందొచ్చిందన్న సంగతి మరిచిపోయి.

అమలాపురం కాలేజీలో మా లెక్కల మాస్టారు, "మూడు సాయంత్రాలు అదెక్కడుందో కొలిచి తెచ్చేవంటే దాని దారంతా గీసెయ్యొచ్చమ్మా" అన్నారు. ఆ గీత చుట్టూ తిరిగి తనను తాను కలుసుకుంటే, ఎన్ని యుగాలకైనా చుక్క మళ్లీ వస్తుంది. కలుసుకోకుండా విచ్చుకుపోతే ఇక రాదు. వేల ఏళ్లకి తిరిగొస్తుందని పేపర్లో రానే వచ్చింది. అయినా ఎవరో చెప్పింది ఊరికే నమ్మడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు.

కోణమానినికి దారం కట్టి, దాని కొసన అమ్మ బీరువా తాళంచెవి వేలాడదీశాను. గొట్టం కోసం బొప్పాయి ఆకు కాడ కోశాను. ఎత్తుకి అది సరిపోతుంది. దిక్కు కొలవడానికి మాత్రం కదలని గుర్తొకటి కావాలి. తోట చివర వాయవ్య మూలన ఇంకా కాపుకి రాని పడుచు చెట్టొకటి, పడకుండా ఒరిగి ఆగిపోయింది. దాని తల మీది మొవ్వునే గుర్తుగా పెట్టుకున్నాను. మసక వెలుతుర్లో డాబా మీంచి ఆ మొవ్వొక్కటే నల్లగా ఆనేది.

"నాన్నగారండి, నేను గొట్టంలోంచి చూస్తుంటే కోణం చదివేవాళ్లు లేరండి. ఒక్కసారి రండి."

నా పోరు పడలేక వచ్చారు. మేడ మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగారు. పైన కాలవ గాలి చల్లగా తగిలేది. చుక్క కనబడే లోపు ఇద్దరం పిట్టగోడకి ఆనుకుని కూర్చునేవాళ్లం. వెలుతురు మెల్లగా నీలంలోకి, నీలం నలుపులోకి జారుతుంటే, ఏదో నీళ్ల అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టు ఉండేది. కొలత రోజులే కాక మిగతా సాయంత్రాలూ ఆయన తనంతట తాను పైకి రావడం మొదలుపెట్టారు.

ఒకరోజు అడిగారు. "ఇది మళ్లీ వస్తదేటమ్మా?"

"లెక్క తేలాక చెబుతానండి."

"మనం ఎలాగూ ఉండం గానీ, వస్తదని తెలిస్తే బాగుంటదమ్మా."

మూడో కొలత కూడా అయ్యాక కూర్చుని లెక్క కట్టాను. గీత విచ్చుకుపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఈ చుక్క ఇక రాదని ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. కాయితాలు పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని చివరిదాకా చూశారు. "లెక్క బానే ఉందమ్మా. ఈ మూడో కొలతే తేడాగా ఉంది. నీ గుర్తు గాని కదిలిందేమో?"

"చెట్టెక్కడికి పోతుందండీ?" అన్నాను కాస్త పెడసరంగానే.

బస్సు దిగి ఇంట్లోకి వెళ్లకుండా తిన్నగా తోటలోకి నడిచాను. వాయవ్యపు చెట్టు నిటారుగా నిలబడి ఉంది. ఒక పక్క వెదురు గెడ ఊతం, మరో పక్క మోకు బిగింపు. చెట్టు మొదట్లో కొత్త మట్టి ఎగదోసి, నీళ్లు పోసి ఉంది. పక్కన నాన్నగారు మోకాళ్లదాకా బురదతో గునపం పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి కాస్త కంగారుపడ్డారు.

"రోజూ డాబా మీంచి చూస్తన్నానమ్మా, అలా ఒరిగిపోయి ఉంటే ప్రాణం ఒప్పలేదు. కిందటి వారం నలుగుర్ని పిలిచి నిలబెట్టించేను." గునపం నేలలో గుచ్చి, "నువ్వు గురి పెట్టేది దీనికే కదా. లెక్కేవన్నా పాడయిందా?" అన్నారు.

"శుభ్రంగా పాడయిందండి" అని నవ్వాను. నవ్వుతూనే ఏడ్చేశాను. ఆయనకి అర్థం కాలేదు, లెక్క కోసం ఏడుస్తున్నాననుకున్నారు. ఓదార్చడం ఆయనకి చేతకాదు. తలగుడ్డతో చేతులు తుడుచుకుని అటూ ఇటూ చూశారు.

"అదిగో, ఆ గట్టు మీద ఇంకోటి కూడా ప్రాణంతోనే ఉందమ్మా. ఈ తాడు కొస కాస్త పట్టుకుంటావా?"

"ఆయ్" అని పుస్తకాలు గట్టున పడేసి తాడు పట్టుకున్నాను. చీకటి పడేదాకా లాగుతూనే ఉన్నాం. ఆ సాయంత్రం తలెత్తి ఆకాశం చూడాలన్న ధ్యాసే మా ఇద్దరికీ లేకపోయింది.