చిన్నమ్మ వేళ్లు, ఎలుక పిల్లలు

అరవైల నడుమ, నేను వైరస్సుల ల్యాబులో కొత్తగా చేరిన రోజుల్లో, ధర్మవరంలో ఒక జ్వరం దిగింది. అదేమిటో ఎవరికీ తెలియదు. గాలి సోకిందన్నవాళ్లు కొందరు, వాతమన్నవాళ్లు కొందరు. జ్వరం తొందరగానే తగ్గేది, కీళ్లు మాత్రం పట్టేసి వదిలేవి కావు. నిన్నటిదాకా పరుగెత్తినవాళ్లు నడుం వంచి గోడ పట్టుకుని నడిచేవాళ్లు.

మా చిన్నమ్మకూ వచ్చింది. అమ్మకు చెల్లెలు. చిన్నాయన పోయాక తనే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పట్టుచీరలు నేసిన మనిషి. తెగిన పోగును అతికితే అతుకు ఎక్కడుందో మనకు కనిపించదు. అలాంటి వేళ్లు వంకాయల్లా ఉబ్బాయి. నేను చూడబోయేసరికి ఆమెకింకా ఒళ్లు కాలుతూనే ఉంది, మగ్గం మీద చీర సగంలో ఆగిపోయింది. పెనుకొండ నుంచి దూరపు బంధువొకాయన అప్పుడే మగ్గం కొంటానని కబురు పెట్టాడట. ఎంత తొందరో మహానుభావుడికి!

"సదువుకున్నదానివి గదా, చెప్పు," అంది చిన్నమ్మ. "ఈ వేళ్లు మళ్లా వంగుతాయా? వంగుతాయంటే మగ్గం పెట్టుకుంటా. వంగవంటే ఇచ్చేస్తా. ఊరికే ఆశ పెట్టుకుని కూసునే ఓపిక నాకు లేదు."

నేనేం చెప్పను? దోమల వల్ల వచ్చే వైరస్సొకటి వేరే చోట్ల ఇలాగే కీళ్లు పట్టేస్తోందనీ, చాలామందికి నెలల మీద నయమవుతోందనీ మా ల్యాబులో అనుకునేవాళ్లు. ఇదీ అదే అయితే ఆశ ఉంది. అదో కాదో తేల్చడానికి మాకు తెలిసిన దారి ఒకటే: ఇంకా కళ్లు తెరవని ఎలుక పిల్లలు. రోగి నెత్తురులో పైకి తేరిన నీటిని సన్న సూదితో వాటి తలలోకి ఎక్కించి కనిపెట్టుకుని ఉండాలి. వైరస్సుంటే పిల్లలు జబ్బు పడతాయి. కంటికి కనపడనిదొకటి బొటనవేలంత లేని ప్రాణిలో చేరి తన ఉనికి చెప్పుకోవడం నాకప్పట్లో గొప్ప వింత.

చిన్నమ్మ దగ్గర నెత్తురు తీసి, ఫ్లాస్కులో ఐసు మధ్య పెట్టుకుని హిందూపురం రైలెక్కాను. పెనుకొండలో బండి ఆగినప్పుడు పక్కనున్న పెద్దాయన ఫ్లాస్కు వైపు ఆశగా చూసి, "ఏమ్మా, కాఫీనా?" అన్నాడు.

"కాదు, జ్వరమొచ్చినామె నెత్తురు," అన్నాను.

ఆయన సంచి తీసుకుని లేచాడు. ఆయనతో పాటు ఇంకిద్దరు లేచారు. హిందూపురం దాకా బెంచీ అంతా నాదే.

హిందూపురంలో మా ఇంటి పెరటి గదినే ల్యాబు వాళ్లు బాడుగకు తీసుకుని ఎలుకల పెట్టెలు దించారు. ఇప్పుడైతే ఆ పనికి మమ్మల్నందరినీ జైల్లో పెడతారు. ఇంట్లో అవ్వ ఉండేది, మా అమ్మ తల్లి. మొదట్లో ఆ గది వైపే వచ్చేది కాదు. "ఊరంతా ఎలకల్ని సంపేదానికి బోను పెడతారు. మీరేమో బోనులో పెట్టి మేపుతాండారు. సర్కారు దుడ్లు కదా, ఎట్లయినా కర్సు పెట్టొచ్చు," అనేది. ఒకరోజు తల్లి ఎలుక పిల్లలను పొట్ట కింద కప్పుకోవడం కంటబడింది. అంతే, అవ్వ మారిపోయింది. "అయ్యో, బాలింత!" అంది.

చిన్నమ్మ నెత్తురులో నేను తెచ్చిందంతా పిల్లలకు ఎక్కించేశాను. మర్నాడు ఐసు కోసం బజారుకు పోయి వచ్చేసరికి పెరట్లో పొగ. పరుగెత్తి చూస్తే గది మధ్యలో నిప్పుల కుంపటి, పక్కన అవ్వ.

"ఏం చేసినావవ్వా!"

"ఎందుకట్లరుస్తావు? బాలింతలుండే గది, గాలీ వెలుతురూ లేదు. ఎల్లిపాయ పొట్టు, వాము, సాంబ్రాణి ఏసి పొగ పెట్టినా. మీ అమ్మకు పెట్టలా? నిన్ను కన్నప్పుడు పెట్టలా? బతికినారా లేదా మీరు?"

మా ఇళ్లలో బాలింతకూ బిడ్డకూ పొగ వేయడం మామూలే. ఎలుకలకు ఆ సంగతి తెలియదు కదా. బెదిరిపోయిన తల్లులు తమ పిల్లలను తినేశాయి. ఒక్కటి కూడా మిగల్లేదు.

"నా కొంప ముంచినావు గదవ్వా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అవ్వ పెట్టెలోకి చూస్తూ, "తల్లి పిల్లను తినేది యాడన్నా ఉంటాదా?" అని మాత్రం అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడే కూతురికి వండిపెట్టడానికి ధర్మవరం బండెక్కింది.

మళ్లీ చిన్నమ్మ దగ్గరే నెత్తురు తీద్దామా అంటే లాభం లేదు. ఈ వైరస్సు జ్వరమొచ్చిన మొదటి రోజుల్లోనే నెత్తురులో దొరుకుతుంది. తరువాత వేళ్లు ఉబ్బే ఉంటాయి, దొంగ మాత్రం దొరకడు. అవతల పెనుకొండాయన వారం వారం కబురు పెడుతూనే ఉన్నాడు.

అవ్వ ధర్మవరం నుంచి ఒళ్లు కాలిపోతూ తిరిగొచ్చింది. దిగీ దిగగానే అరుగు మీద కూలబడి చేయి చాపింది. "ఈ పొద్దే మొదులైంది. అదే జరం. తీస్కో. నా బిడ్డ వేళ్లు ఏమైతాయో చెప్పు."

తీశాను. ఆలోగా తల్లులు మళ్లీ ఈనిన పిల్లలకు ఎక్కించాను. ఈసారి గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను. కొన్నాళ్లకు పిల్లలు పాలు తాగడం మానేశాయి. వెల్లకిలా పడితే తిరిగి బోర్లా పడలేకపోయాయి. నాకు పట్టరాని సంతోషమేసింది. సిగ్గు కూడా వేసింది. వాటి మెదడు తీసి, నూరి, పెద్ద ల్యాబుకు పంపాను. తెలిసిన వైరస్సులతో పోల్చి, మేమనుకున్నదేనని వాళ్లు తేల్చారు.

రెక్కలు కట్టుకున్నట్టు ధర్మవరంలో వాలాను. చిన్నమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"తెలిసిపోయింది చిన్నమ్మా! అవ్వ నెత్తురు ఎక్కించిన ఎలుక పిల్లల్లో దొరికింది."

"మరి ఆ పిల్లలకు నయమైందా?"

"లేదు. జబ్బు పడగానే చంపి మెదడు తీస్తాం. అట్లయితేనే ఏ వైరస్సో తెలిసేది."

"అయ్యో, ఒక్కదాన్నన్నా ఉంచలేదా?"

"ఉంచినా చచ్చిపోయేవి. అవి పసికూనలు. వాటికి మెదడుకు పట్టింది, నీకు కీళ్లకు పట్టింది."

"అంటే నా జబ్బూ వాటి జబ్బూ ఒకటి గాదా?"

"వైరస్సు ఒకటే చిన్నమ్మా. జబ్బు వేరు."

చిన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అయితే నా వేళ్ల సంగతి నీకు తెలీదు."

"తెలీదు," అన్నాను. "ఎక్కువమందికి తగ్గుతోందంట. నీకు తగ్గుతాదని నేను చెప్పలేను."

ఆమె గోడ ఆసరాతో మెల్లగా లేచింది.

"పెనుకొండాయనకు చెప్పంపు, మగ్గం ఇయ్యనని."

"నేనేమీ తేల్చలేదు గదా చిన్నమ్మా!"

"తేల్చలేదు. అందుకే. వేళ్లు వంగేదీ వంగనిదీ మగ్గం మీదనే తెలియాల. సంపకుండా కడదాకా సూసేదానికి మీకు ఒకరన్నా ఉండాల గదా," అంటూ ఉబ్బిన చేతులు రెండూ నా ముందుకు చాపింది. "ఇంద, నన్ను సూడు."