నాలుగు వరుసలు తక్కువ

ఇప్పుడు మార్కులు ముందు వస్తాయి, కాలేజీ తర్వాత ఎంచుకుంటారు. అప్పట్లో అలా కాదు. పరీక్ష జులైలో మూడు రోజులు. అది అయిన వారంలోపే, మార్కులు తెలియకుండానే, ఏ కాలేజీ కావాలో కాగితం మీద రాసివ్వాలి. లెక్కలకు, భౌతికశాస్త్రానికి జవాబుల పట్టిక వచ్చేది. పిల్లలు దాన్ని ముందు పెట్టుకుని తమ మార్కులు తామే వేసుకునేవారు. భాష పరీక్షలో వ్యాసానికి మాత్రం పట్టిక ఉండదు. దానికి అరవై మార్కులు. ఆ అరవైలో ఎన్ని వస్తాయో చెప్పగలిగిన మనిషి గాన్సు కొండల్లోని మా ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. ఆయన నింగ్ పెయ్‌షాన్ మాష్టారు.

మాష్టారు ఉన్ని చాపలు చేసేవాళ్ళ ఇంట పుట్టారు. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి, గొర్రెలున్న ఇళ్ళ వాకిళ్ళలో ఉన్ని పరిచి, నీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి చాపలు చేసేవాడు. కొడుకు టీచర్ల బడిలో చదివి ఇరవై రెండో ఏట మా హైస్కూల్లో చేరారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే గది, కిటికీ పక్కన అదే బల్ల. మోచేతుల దాకా నీలం గుడ్డ తొడుగులు. మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు, ఉప్పు, పచ్చి వెల్లుల్లి. ఆయన రాసినదేదీ ఎక్కడా అచ్చు కాలేదు. కావాలని ఆయన అనగా నేను వినలేదు. నేను కొత్తగా చేరిన పంతుల్ని. ఎదుటి బల్ల నాది.

ఒక వేసవిలో ఆయనను వ్యాసాలు దిద్దడానికి లాన్‌ఝౌ పిలిపించారు. తొమ్మిది రోజులు. తిరిగొచ్చేసరికి ఎడమ కన్ను వాచి ఉందట.

“వ్యాసానికి నిమిషంన్నర,” అని తరగతిలో చెప్పేవారు. “ఆ నిమిషంన్నరలో దిద్దేవాడు ఒక్కసారి తల ఎత్తాలి. ఎత్తకపోతే నలభై రెండు. వాడి తప్పు కాదు. వాడి పక్కన ఇంకో మూడొందలు ఉంటాయి.”

ఒక్కో వ్యాసాన్ని ఇద్దరు వేరువేరుగా దిద్దుతారు. ఇద్దరి మార్కుల మధ్య దూరం ఎక్కువైతే అది మూడో మనిషి బల్ల మీదికి వెళుతుంది. ఇదంతా ఆయన ఆ తొమ్మిది రోజుల్లో చూసివచ్చినదే.

ఆయన పద్ధతి ఇది. పరీక్ష ముగిసిన మర్నాటి నుంచి పిల్లలు వరండాలో వరుస కట్టేవారు. ఒక్కొక్కరికీ ఒక గడుల కాగితం ఇచ్చేవారు. పరీక్షలో ఇచ్చేలాంటిదే: వరుసకు ఇరవై గడులు, గడికి ఒక అక్షరం. రాసిన వ్యాసాన్ని గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాయాలి. రాశాక ఒకటే ప్రశ్న అడిగేవారు.

“అక్కడ ఏ వరుసలో ముగిసింది?”

వ్యాసంలో ఏ మాట మరచిపోయినా, చివరి చుక్క కాగితం మీద ఎక్కడ పడిందో ఏ విద్యార్థీ మరవడు. కనీసం నింపవలసిన ఎనిమిది వందల గడులు దాటాయా లేదా అని చూసుకునే చోటు అది. ఇక్కడ మళ్ళీ రాసిన వ్యాసం దానికంటే ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది. రెండు వరుసలు, మూడు వరుసలు. అవి పరీక్ష అయ్యాక పుట్టినవి. రాసి ఉంటే బాగుండునని తర్వాత తోచినవి. పిల్లలు అబద్ధం చెప్పరు. నిజంగానే అవి రాశామనుకుంటారు. మాష్టారు కాగితం మీద వేలు జరుపుకుంటూ వెళ్ళి, తర్వాత పుట్టిన వాక్యం దగ్గర ఆపేవారు. దాన్ని తీసేసి, మిగిలినదానికి మార్కు చెప్పేవారు.

ఒక ఏడాది వ్యాసానికి ఇచ్చిన మాట ‘బరువు’.

“యాభై ఎనిమిది అనండి మాష్టారూ,” అన్నాడు ఒక గుండ్రటి మొహం విద్యార్థి. “మా నాన్న పందిని కోస్తానన్నాడు.”

మాష్టారు కాగితం చూశారు. “రాజ్యం పోయిందని నదిలో దూకిన పాతకాలపు కవిని తెచ్చావా?”

“తెచ్చాను మాష్టారూ. రెండో పేరాలో.”

“పొద్దున్నించి ఈ వరండాలోనే పదకొండుసార్లు దూకాడాయన. ముప్ఫై తొమ్మిది. మీ పంది బతికిపోయింది, వెళ్ళు.”

మూడో రోజు మధ్యాహ్నం షాంగ్ రూయ్‌ఫాంగ్ వచ్చింది. తండ్రులు మామూలుగా గేటు బయట చెట్టు నీడన కూర్చుని పొగ తాగుతూ ఉండేవారు. రూయ్‌ఫాంగ్ తండ్రి లోపలికే వచ్చి, గోడ దగ్గరి స్టూలు లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు. తాంగ్‌గుయ్ వేళ్ళు పండించే మనిషి. మా కొండల్లో అందరం పండించేది ఆ మందు వేళ్ళే. చలికాలమంతా అటక మీద పొగబెట్టి ఆరబెడతారు. మందుల వ్యాపారులు సంతకు లారీల్లో వచ్చి కాటా వేసి కొనుక్కుపోతారు.

“ఒక్కసారే మాష్టారుగారూ,” అన్నాడు షాంగ్. “ఇది తప్పితే మళ్ళీ ఏడాది చదివించే ఓపిక నాకు లేదు. దానికీ చెప్పాను. మీరు చెప్పిన అంకె పట్టుకునే కాలేజీ రాస్తుంది. కాస్త చూసి చెప్పండి.”

“చూసి చెప్పడమే నా పని, షాంగ్ అన్నా. పెంచి చెప్పడం కాదు.”

వ్యాసం కాక మిగతావన్నీ కలిపితే రూయ్‌ఫాంగ్ లెక్కకు నాలుగు వందల నలభై ఎనిమిది వచ్చాయి. లాన్‌ఝౌలో వైద్య కళాశాలకు ఐదు వందలు కావచ్చని అందరూ అనుకుంటున్నారు. పక్క పట్టణంలో టీచర్ల బడికి నాలుగు వందల అరవై చాలు. రెండూ రాయవచ్చు కదా అంటే, రాయవచ్చు. కానీ మొదట రాసినది తప్పితే రెండోవాళ్ళు తీసుకోరు. వాళ్ళ సీట్లు వాళ్ళను మొదట కోరినవాళ్ళతోనే నిండిపోతాయి. అంటే ఆ పిల్ల ఒక్కటే రాస్తున్నట్టు. మా వేళ్ళు ఎవరి కడుపులోకి పోతాయో, పోయి అక్కడ ఏం చేస్తాయో నేర్చుకోవాలని తనకు కోరిక. ఒకసారి తరగతిలో నాతోనే అంది.

రూయ్‌ఫాంగ్ గంటలో రాసిచ్చింది. మాష్టారు చదివారు. సంత, కాటా, వేళ్ళ మూటలు, వ్యాపారి వేలు, చివర మనిషి మనసులో ఉండే కాటా. శుభ్రంగా ఉంది. ఆయన తల ఎత్తలేదు.

“అక్కడ ఏ వరుసలో ముగిసింది?”

“కింద నుంచి రెండో వరుసలో మాష్టారూ.”

మాష్టారు వేలితో లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. “ఇక్కడ కింద నుంచి ఆరో వరుసలో ముగిసింది. నాలుగు తక్కువ.”

రూయ్‌ఫాంగ్ కలానికి మూత పెట్టింది.

“కాగితం తేడానేమో మాష్టారుగారూ,” అన్నాడు షాంగ్. “కాగితాలు సాగుతాయి.”

“కాగితం సాగదు. మనుషులే సాగదీస్తారు. పెరిగిన వ్యాసాలే చూశాను నేను ఇన్నేళ్ళూ. తరిగినది ఇదే చూడటం.” ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. “ఇది ఇలా ఉంటే నలభై ఒకటి.”

నలభై ఒకటి అంటే టీచర్ల బడి. షాంగ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాడు. “సరే. అదీ మంచిదే. అన్నానికి లోటుండదు.”

“కూర్చో అన్నా. ఫ్లాస్కులో నీళ్ళు అయిపోయాయి. కాచే గది మైదానం అవతల ఉంది. కాస్త నింపుకొస్తావా?”

ఫ్లాస్కు నిండుగా ఉంది. గంట కిందట నింపింది నేనే. షాంగ్ దాన్ని ఎత్తాడు. బరువులు తెలిసిన మనిషి. ఎత్తి, మాష్టారి వంక చూశాడు. కూతురి వంక చూశాడు. పట్టుకుని బయటికి నడిచాడు.

“చెప్పమ్మా,” అన్నారు మాష్టారు.

“అక్కడ రాసేటప్పుడు నాన్న లేడు మాష్టారూ. ఇక్కడ ఉన్నాడు.”

“ఇప్పుడు లేడు.”

రూయ్‌ఫాంగ్ బల్ల అంచు చూస్తూ చెప్పింది. గొంతు పెరగలేదు, తగ్గలేదు.

“మా నాన్న సంతకు పోయే తెల్లవారుజామున వేళ్ళ మీద నీళ్ళు చల్లుతాడు. గిన్నె పట్టుకునేది నేను. రెండు చెంబులు. కాటా ఆ నీళ్ళను వేళ్ళుగానే చూస్తుంది. ఆ నీళ్ళ బరువుతోనే నా పుస్తకాలు కొన్నారు. నేను మోసుకొచ్చే సంచి బరువు నాకు తెలుసు.”

మాష్టారు తల ఎత్తారు. నేను కూడా.

మా ఊళ్ళో ఆ నీళ్ళు చల్లని ఇల్లు లేదు. ఆ మాట ఎవరూ అనరు, అంతే.

“అక్కడ ఇది రాసేశాను మాష్టారూ. కన్నతండ్రిని బయటపెట్టానని మార్కులు కోసేస్తారా?”

“కోసేవాడు కోస్తాడు. ఆలోచన ఆరోగ్యంగా ఉండాలని నియమం ఉంది. ఒకాయన ముప్ఫై ఎనిమిది వేస్తాడు. ఇంకొకాయన యాభై మూడు వేస్తాడు.” మాష్టారు కిటికీలోంచి బయటికి చూశారు. మైదానం అవతల షాంగ్ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని గోడ నీడలో నిలబడి ఉన్నాడు. తొందరపడి రావడం లేదు. “అంత దూరం ఉంటే మూడో మనిషి దగ్గరికి పోతుంది. ఆ మూడో మనిషిని చూశాను నేను. ముసలాయన. ఆయన ముందు ఒక్క కాగితమే ఉంటుంది. నెమ్మదిగా చదువుతాడు.”

ఆయన కాగితం రూయ్‌ఫాంగ్ ముందుకు తోశారు. “ఆ నాలుగు వరుసలూ ఎక్కడివో అక్కడ గుర్తుపెట్టి, కింద రాయి. యాభై రెండు.”

నలభై ఎనిమిది దాటి ఆయన ఎవరికీ చెప్పగా నేను చూడలేదు.

షాంగ్ తిరిగొచ్చాడు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు. “పాత నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టాను,” అన్నాడు. “ఏమైంది?”

“యాభై రెండు.”

“నేను వెళ్ళేటప్పుడు నలభై ఒకటి కదా. నీళ్ళు తెచ్చేలోగా పదకొండు పెరిగాయా? మా కాటా కూడా అంత చెయ్యదు మాష్టారుగారూ.”

“మరచిపోయిన నాలుగు వరుసలు గుర్తొచ్చాయి.”

“ఏం వరుసలు?”

మాష్టారు రూయ్‌ఫాంగ్ వైపు చూశారు. అది ఆయన చెప్పవలసినది కాదు. రూయ్‌ఫాంగ్ కాగితం చేతిలోకి తీసుకుంది. తండ్రి వంక చూడకుండా, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది. వరండాలో ఎవరో నవ్వుతున్నారు. షాంగ్ జేబులోంచి సిగరెట్టు తీశాడు, వెలిగించలేదు.

“రెండు చెంబులని రాశావా?”

“రెండే కదా నాన్నా.”

“మూడు. మూడోది నువ్వు బడికి పోయాక.” అతను మాష్టారి వైపు తిరిగాడు. “అంకె తప్పు రాసినందుకు మార్కులు పోతాయా?”

“పోవు. దిద్దేవాళ్ళకు మీ చెంబు తెలియదు.”

“అయితే ఉండనీయండి.” సిగరెట్టు చెవి మీద పెట్టుకున్నాడు. మళ్ళీ అన్నాడు, “దిద్దేవాళ్ళన్నారు కదా. వాళ్ళు మా వైపు వాళ్ళేనా?”

“కాదన్నా. ఎక్కడెక్కడి వాళ్ళో.”

“మంచిది.” కూతురి వైపు చూశాడు. “ఆ లాన్‌ఝౌదే రాయి. నీళ్ళు మోసింది నువ్వు. రాయి.”

రూయ్‌ఫాంగ్ మర్నాడు ఒక్క కాలేజీ పేరే రాసిచ్చింది. రెండో పేరు రాయవలసిన గడి ఖాళీగా వదిలేసింది.

వ్యాసానికి ఎన్ని వచ్చాయో విడిగా ఎవరికీ చెప్పరు. భాష మొత్తం ఒక అంకెగా వస్తుంది. మాష్టారు ప్రతి ఏడూ ఆ అంకెలోంచి పిల్లలు వేసుకున్నది తీసి, మిగిలినదాన్ని తను చెప్పినదానితో పోల్చుకునేవారు. నిజం ఎంతో ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ తెలియలేదు. రూయ్‌ఫాంగ్‌కు మొత్తం నాలుగు వందల తొంభై తొమ్మిది. వైద్య కళాశాల చేర్చుకునే గీత నాలుగు వందల తొంభై ఏడు దగ్గర ఆగింది.

“ఒకటి ఎక్కువ చెప్పాను,” అన్నారు మాష్టారు. ఆ కాగితాన్ని మిగతావాటితో పాటు అట్టపెట్టెలో పెట్టేశారు.

ఆ చలికాలం షాంగ్ మళ్ళీ వచ్చాడు. కాగితంలో చుట్టిన తాంగ్‌గుయ్ వేళ్ళు బల్ల మీద పెట్టాడు. కోడిపులుసులో వేసుకోమన్నాడు. అమ్మాయి ఉత్తరం రాసిందట. అక్కడ కేంటీన్లో రొట్టెలు చిన్నవట.

మాష్టారు పొట్లం అరచేతిలో పెట్టి తూచినట్టు చూశారు. “తడిపావా అన్నా?”

షాంగ్ నేల చూశాడు.

“ఒక్క చెంబే మాష్టారుగారూ. చెయ్యి ఊరుకోలేదు.”

మాష్టారు పొట్లం విప్పి, వేళ్ళను కిటికీ దగ్గర పాత గడుల కాగితం మీద ఆరబెట్టారు. అవి ఎండడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నాళ్ళూ మా గదిలో ఆ వాసనే.