ఎడమచేతి మేస్త్రి, కుడిచేతి పేరు

జగ్గయ్యపేట తాపీమేస్త్రి బెన్యామీనుది ఎడమచేతి వాటం. అక్కడి నుంచి నందిగామ దాకా తను కట్టిన ప్రతి ఇంటికీ తొలి ఇటుక ఆయనే పెట్టాడు. అలాంటిది నందిగామలో శంకుస్థాపన వేళ ఇంటావిడ సుబ్బమ్మగారు ఆపేశారు.

"ఎడంచేత్తో మొదలుపెడతావా మేస్త్రీ? ఇంకొకళ్లని పిలుస్తాలే."

బెన్యామీనుకు తల కొట్టేసినట్టయింది.

"నా పేరుకి కుడిచేతి కొడుకని అర్థమండి. బైబిల్లో యాకోబుగారు కడగొట్టు కొడుక్కి పెట్టుకున్న పేరు. ఆ వంశంలోనే ఏడొందల మంది ఎడంచేతి వీరులు పుట్టారు. వడిసెల తిప్పితే వెంట్రుకంత గురి కూడా తప్పదు. నేను కట్టిన గోడ ఒక్కటి వంకరుంటే చూపించండి."

సుబ్బమ్మగారు నవ్వేశారు. "అయితే సిమెంటు నువ్వెయ్యి. ఇటుక నేను పెడతా, కుడిచేత్తో."

ఆవిడ పెట్టిన ఇటుక కాస్త వంకరగా కూర్చుంది. బెన్యామీను ఎడమచేత్తో మెల్లగా సరిచేశాడు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.