తెల్ల జీపు వద్దన్న సత్యలక్ష్మి

భిలాయి ఉక్కు టౌన్‌షిప్ సెక్టర్ ఆరులో సత్యలక్ష్మి గురించి ఒక మాట చాలాకాలం తిరిగింది. మొగుడు సింహాద్రి ముచ్చటపడి జీపు కొనబోతే, అది తెల్లగా ఉంది, అంబులెన్సులా ఉంది అని బయానా ఇచ్చే చేతిని ఆపేసిందట. రంగు నచ్చక బండి వద్దన్న మనిషిని ఎక్కడా చూడలేదని ఆడవాళ్లు నవ్వారు. పెళ్లాం పెదవి కదిపితే బయానా కవరు జేబులో పెట్టేసుకున్న మగాణ్ణి ఎక్కడా చూడలేదని మగవాళ్లు నవ్వారు. పాల బూత్ దగ్గర ఆమె గిన్నె పట్టుకుని నిలబడితే చాలు, ఎవరో ఒకరు, "ఏటొదినా, పాలు కూడా తెల్లగానే ఉన్నాయి, పట్టుకెల్తావా మానేస్తావా?" అనేవారు. సత్యలక్ష్మి తనూ నవ్వి ఊరుకునేది. ఊరుకోవడం ఆమెకు బాగా అలవాటైన పని.

చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి పెళ్లయి భిలాయి వచ్చిన కొత్తలో ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. కూరలమ్మేవాళ్ల నోళ్ల వంక చూసి, పెదాల కదలికను బట్టి సగం, చేతి సైగను బట్టి సగం పోల్చుకునేది. ఎదుటివాళ్ల మాట అందని మనిషి చూపు ఎక్కడ ఆగుతుందో ఆమెకు అప్పటి నుంచీ తెలుసు. అందుకే సింహాద్రి చూపు తన కళ్ల మీంచి పెదాల మీదికి జారిన రోజే ఆమెకు అనుమానం వచ్చింది.

రోలింగ్ మిల్లులో సింహాద్రి చెవికి పెద్ద పేరు. తిరుగుతున్న రోలర్ల పక్కన కళ్లు మూసుకుని నిలబడి, ఫలానా బేరింగు పోతోంది అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. చెవి పదునుగా ఉన్న ఏ మనిషినైనా సింహాద్రి తమ్ముడివా అని అడగడం మిల్లులో మామూలైపోయింది. ఇన్నేళ్లు ఏ మోతలో నిలబడి ఆ పేరు తెచ్చుకున్నాడో, ఆ మోతే కొంచెం కొంచెంగా ఆ చెవిని తినేసింది.

ఒకరోజు సత్యలక్ష్మి గోడవైపు తిరిగి వడ్డన గిన్నెలు సర్దుతూ, పెరుగు పుల్లగా ఉందా, తియ్యగా ఉందా అని అడిగింది. "ఊఁ" అన్నాడు సింహాద్రి. ఏది ఊఁ అని ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి, మొహం కనబడేలా నిలబడి చెప్పేది. తనకు తెలిసిందని మాత్రం పైకి తేలనివ్వలేదు. చెవులు పోయినవాళ్లను మిల్లు నుంచి తీసి స్టోర్లో కుర్చీ వేసి కూర్చోబెడతారు. చెవితోనే బతికిన మనిషికి అది తలకొట్టేసినట్టు ఉంటుంది. మెడికల్ పరీక్ష దగ్గర పడుతోందని అతను రాత్రుళ్లు దొర్లడం ఆమె చూస్తూనే ఉంది.

ఆ దిగులులోంచే జీపు ఆలోచన పుట్టింది. సత్యలక్ష్మి తమ్ముడు రాజాబాబు ఊళ్లో డ్రైవింగు నేర్చి ఖాళీగా ఉన్నాడు. జీపు ఒకటి కొంటే, అతను వచ్చి పక్కనున్న రిసాలి పిల్లల్ని స్కూళ్లలో దింపుతాడు. రేపు మిల్లులో ఏం జరిగినా ఇల్లు నడుస్తుంది. సింహాద్రి తన పీఎఫ్ మీద లోను తీశాడు. ఆ ఇంటికి అంతకు మించి ఆధారం లేదు.

అదే మిల్లులో పనిచేసే పక్క క్వార్టరు సత్యారావు బేరం తెచ్చాడు. రిసాలిలో దేవాంగన్ అనే కాంట్రాక్టరు దగ్గర తెల్ల డీజిలు జీపు ఉంది. దుర్గ్ నుంచి రాజ్‌నాంద్‌గావ్‌కు జనాన్ని కుక్కి ఏళ్ల తరబడి తిరిగిన బండి. దూరం చూపించే మీటరు ఎప్పుడో ఆగిపోయింది. రాజాబాబు వచ్చేదాకా ఆగుదామని సత్యలక్ష్మి అంది. సాయంత్రానికి రాయపూర్ పార్టీ వచ్చి పట్టుకుపోతుందని సత్యారావు తొందరపెట్టాడు.

"నీ సెవి ఉండగా మీటరెందుకన్నా?" అన్నాడు.

ఆ మాటతో సింహాద్రి ఇక వెనక్కి తగ్గలేకపోయాడు. కొబ్బరికాయ కొట్టడానికి భార్యను సైకిలు వెనక ఎక్కించుకుని బయలుదేరాడు.

దేవాంగన్ బానెట్టు ఎత్తి, తనే ఎక్కి ఇంజను స్టార్టు చేసి దిగాడు. మొదట పొగ, తర్వాత మోత. ఆ మోత అడుగున ఇంకొకటి వినిపించింది సత్యలక్ష్మికి. ఖాళీ రోట్లో రోకలి పడ్డట్టు, ఆగి ఆగి, టక్కు, టక్కు. సత్యారావు కూడా తల తిప్పాడు. దేవాంగన్ దానికేదో సర్దిచెప్పబోయి నోరు తెరిచాడు.

సింహాద్రి అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ఇంజను మీదికి వంగాడు. మిల్లు మనుషులు చూసే ఆ పాత భంగిమే. కాసేపటికి తలెత్తి, "బాగుంది" అన్నాడు.

దేవాంగన్ తెరిచిన నోరు మూసుకున్నాడు. అతని మీసం కింద చిన్న నవ్వు కదిలి మాయమవడం సత్యలక్ష్మి చూసింది. సత్యారావు తను విన్నదాన్ని తనే కొట్టిపారేసుకున్నట్టు తలాడించాడు. అన్న చెవే బాగుందన్నాక తన చెవెంత?

సింహాద్రి మళ్లీ ఇంజను మీదికి వంగాడు. దేవాంగన్ అతని వెనక్కి వెళ్లి నిలబడి, "ఆవాజ్ కైసీ హై, భాయీసాబ్?" అని అడిగాడు, శబ్దం ఎలా ఉందని. సింహాద్రి తిరగలేదు. దేవాంగన్ మళ్లీ అడిగాడు, ఈసారి గట్టిగా. ఇంకొక్కసారి అడిగితే సత్యారావుకు అర్థమవుతుంది. అతనికి అర్థమైతే షిఫ్టు మారేలోగా మిల్లుకంతా అర్థమవుతుంది.

"పిలవకండి భయ్యా, ఇంజను ఇంటున్నాడు" అన్నాడు సత్యారావే, గర్వంగా.

ఆమె ఊపిరి వదిలేలోపు సింహాద్రి నిటారుగా నిలబడి చొక్కా జేబులోంచి బయానా కవరు తీశాడు. దేవాంగన్ ముందే చెప్పాడు, బయానా చేతిలో పడ్డాక మాట మారితే డబ్బు వెనక్కి రాదని. నిజం చెబితే మొగుడి పరువు, ఉద్యోగం పోతాయి. చెప్పకపోతే ఇంటి ఆధారం ఆ రోట్లో పడి నలుగుతుంది. పరాయి మగవాళ్ల ముందు ఏనాడూ నోరు విప్పని సత్యలక్ష్మి రెండు అడుగులు ముందుకు వేసింది.

"ఈ బండి వొద్దండి" అంది.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఎందుకు వద్దో ఆమె ఆలోచించుకోలేదు. ఎదురుగా తెల్లటి రేకు ఎండకు మెరుస్తోంది. "తెల్లగుంది. అంబులెన్సులాగ. మీరు డ్యూటీకెల్లాక రోజూ గుమ్మంలో దీన్ని సూస్తూ ఎలాగుండను?"

ప్లాంటులో మొగుడున్న ఏ ఆడదైనా అనగలిగిన మాటే అది. సత్యారావు నవ్వాడు. "దానికేటొదినా, రంగేయించేద్దాం. నీకేది కావాలో సెప్పు. గులాబీయా?"

"రంగేసినా లోపల తెలుపే కదా" అంది, అది ఎంత తెలివితక్కువగా ఉందో తెలిసే.

సింహాద్రి మొహం కందిపోయింది. నలుగురిలో తల తీసేస్తోంది పెళ్లాం. కవరు పట్టుకున్న చెయ్యి దేవాంగన్ వైపే సాగింది.

అప్పుడు సత్యలక్ష్మి మిగతా ఇద్దరికీ వీపు తిప్పి, మొగుడికి ఎదురుగా వచ్చి నిలబడింది. పెదాలు మాత్రం కదిపింది. గొంతు రానివ్వలేదు.

ఇంజన్లో రోకలి దంచుతోంది. మీకు ఇనబడ్డం లేదు.

సింహాద్రి చూపు ఆమె పెదాల మీద ఆగిపోయింది. ఒక్క అక్షరం పోకుండా అందింది అతనికి. చప్పుడు లేని మాట తనకు ఎందుకు అందిందో, ఆమె ఎందుకు అలా చెప్పిందో కూడా అందింది. మొహంలో ఎరుపు దిగిపోయి, ఏదో బరువు చేతికిచ్చినట్టు భుజాలు వంగాయి. కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా ఆవిడ వొద్దంటోంది" అన్నాడు.

"ఘర్ మే భాభీజీ కీ చల్తీ హై" అన్నాడు దేవాంగన్, ఇంట్లో రాజ్యం ఎవరిదో తెలిసిపోయిందన్నట్టు. సత్యారావు ఆ మాటను పదిలంగా సెక్టరుకు మోసుకెళ్లాడు.

సైకిలు వెనక కూర్చున్న మనిషి ఏం చెప్పినా అతనికి వినబడదు కాబట్టి ఆమె దారంతా కొట్టని కొబ్బరికాయను ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది. ఇంటికి చేరి సైకిలు గోడకు ఆనించాక, అతను ఆమె మొహం వంక చూశాడు.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"పెరుగు పుల్లగుందా తియ్యగుందా అంటే ఊఁ అన్నారు కదా. అప్పట్నుంచి."

సింహాద్రి నవ్వబోయాడు. అది నవ్వు కాలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆమె అతని పక్కన కాకుండా ఎదురుగా కూర్చుంది.

మెడికల్ రోజున అతను డాక్టరు అడగకముందే తన చెవుల సంగతి చెప్పేశాడు. స్టోర్లో కుర్చీ వేశారు. మొదట్లో తలెత్తుకోలేకపోయాడు. తర్వాత ఆ కుర్చీకీ అలవాటు పడ్డాడు. అంబులెన్సు మాట మాత్రం సెక్టరు వదల్లేదు.

తర్వాతి వేసవికి రాజాబాబు వచ్చి, వెతికి, విని, నడిపి చూసి ఇంకో పాత జీపు కొనిపించాడు. సత్యలక్ష్మే కొబ్బరికాయ కొట్టింది. రిసాలి పిల్లల్ని స్కూళ్లలో దింపి వచ్చి ఆ బండి ఏళ్ల తరబడి వాళ్ల క్వార్టరు ముందే నిలబడేది. పాల బూత్‌కు వెళ్లేవాళ్లంతా దాన్ని ఒరుసుకునే నడిచేవారు.

అదీ తెల్లదే.